నిన్నటి నీళ్ళు

మొదటి బెల్లు ఇంకా కొట్టలేదు. కింది అంతస్తులో వరసగా ఉన్న కుళాయిల దగ్గర ఎనిమిదో తరగతి తన్మయి తన సీసా మూత తీసి తలకిందులుగా పట్టుకుంది. నిండు సీసా. నీళ్ళు గుడగుడమంటూ బేసిన్లోకి జారిపోతుంటే ఆ పిల్ల పక్కనున్న స్నేహితురాలితో ఏదో చెబుతూ నవ్వుతోంది. ఖాళీ అయ్యాక కుళాయి తిప్పి సీసాను రెండుసార్లు కడిగింది. కుళాయి సరిగ్గా కట్టకుండానే మెట్ల వైపు నడిచింది.

రిజిస్టర్లో సంతకం పెట్టి వస్తున్న యాదలక్ష్మి ఆ కుళాయి కట్టేసి, "తన్మయీ" అని పిలిచింది. "ఎందుకు పారబోసినవ్?"

"నిన్నటి నీళ్ళు మేడమ్. ఇంటికెళ్ళాక తియ్యడం మర్చిపోయాను, బ్యాగులోనే ఉండిపోయాయి."

"నిన్నటివైతే ఏమైంది?"

తన్మయికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పారబోసింది అన్నమైతే ఎందుకడుగుతున్నారో అర్థమయ్యేదేమో. "పాతవి కదా మేడమ్. మా నాన్నమ్మ కూడా కుళాయి వచ్చిన రోజు డ్రమ్ములో పాత నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పడుతుంది."

పక్కనున్న పిల్ల కూడా తల ఊపింది. వాళ్ళింట్లోనూ అంతే.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఆ బడిది మూడంతస్తుల భవనం. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బడులన్నీ మూతపడి, మళ్ళీ తెరిచి వారం కూడా కాలేదు. తెరిచిన రోజునే ప్రిన్సిపాల్ రాఘవేంద్ర టీచర్లందరినీ కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పాడు. ఒకటి, పోయిన సిలబస్ పరుగెత్తించాలి. రెండోది చెప్పేముందు కొంచెం ఆగాడు. "బయట జరిగేది గేటు బయటే ఉండాలి. మన దగ్గర రెండు వైపుల పిల్లలూ ఉన్నారు."

మూడో పీరియడ్‌లో యాదలక్ష్మి సైన్సు పుస్తకం తెరవలేదు. స్టాఫ్‌రూమ్ నుంచి తెచ్చిన రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"ఒకదాంట్లో నిన్నటి నీళ్ళు, ఒకదాంట్లో ఇవ్వాల్టివి. ఏది ఏదో చెప్పాలె. ఎవరొస్తరు?"

అందరికంటే ముందు లింగస్వామి లేచాడు. వాళ్ళ నాన్నది ఎల్‌బీ నగర్‌లో ఆటో. నల్గొండ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. వాడు మొదటి గ్లాసు ఎత్తి వాసన చూశాడు, ఒక గుక్క నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పి మింగాడు. రెండో గ్లాసూ అంతే. వెనక బల్లల వాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు.

"గిది నిన్నటిది మేడమ్. జర వాసనొస్తుంది."

"తన్మయీ, నువ్వు?"

తన్మయి రెండూ రుచి చూసి రెండో గ్లాసు చూపించింది. "ఇది కొంచెం చప్పగా ఉంది మేడమ్."

"రెండూ నిన్నటివే" అంది యాదలక్ష్మి.

పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. లింగస్వామి నాలుక కరుచుకున్నాడు. నవ్వులు ఆగేదాకా ఆగి ఆమె చెప్పింది. మూత పెట్టి శుభ్రంగా ఉంచితే నీళ్ళు ఒక్క రాత్రికే పాడైపోవు. మనం వాటికి పాతవని పేరు పెట్టి పారబోస్తున్నాం. ఇంటికొక డ్రమ్ము చొప్పున వీధి వీధంతా పారబోస్తే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

"సరే, ఈ నీళ్ళు మనకు ఎక్కడినుంచి వస్తయి?"

"బబుల్ క్యాన్లోంచి!" "ట్యాంకులోంచి!" "మాకు ట్యాంకర్ వస్తుంది మేడమ్!" "సంపులకెళ్ళి!"

నది పేరు ఒక్కరూ చెప్పలేదు. ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డు అడుగున వంకర గీత గీసింది. కృష్ణ. అక్కడినుంచి పైకి ఇంకో గీత లాగింది. గుట్టలెక్కి, సాగర్ రోడ్డు వెంట, ఇంత లావు పైపుల్లో, అని రెండు చేతులూ చాపి చూపించింది. ఇక్కడ సాహెబ్‌నగర్ రిజర్వాయర్. ఇక్కడ మనం. బోర్డు మీద బడి ఉన్నచోట చిన్న ఇల్లు వేసింది. తర్వాత, ముందు అనుకోకపోయినా, గీత మధ్యలో పక్కగా ఒక చుక్క పెట్టింది.

"ఇది మా ఊరు."

"మీ ఊళ్ళో నది ఉందా మేడమ్?" అని అడిగింది ముందు బల్ల పిల్ల.

"లేదు. బోరు నీళ్ళు తాగేటోళ్ళం. చూస్తే తేటగ ఉంటయి. వాసనుండదు. కానీ అండ్ల ఫ్లోరైడ్ ఎక్కువ." క్లాసులో పుస్తకం భాషే మాట్లాడాలనుకుంటుంది ఆమె. ఊరి మాట వచ్చేసరికి భాష కూడా ఊరికి వెళ్ళిపోయింది. "చిన్నప్పటి సంది తాగితే ఏమైతదో చూస్తరా?"

యాదలక్ష్మికి నవ్వినప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటు. ఆ అలవాటు పిల్లలందరికీ తెలుసు, వెనక బల్లల వాళ్ళు అనుకరిస్తారు కూడా. ఇప్పుడు ఆమె చెయ్యి తీసి, పెదవులు విడదీసి పళ్ళు చూపించింది. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు.

"బ్రష్ చేస్తే పోయేవి గావు. ఇవి పండ్ల మీద ఉన్నయి కాబట్టి కనబడుతున్నయి. ఎముకలల్ల గూడ చేరుతది. నడుములు వంగిపోతయి, మెడలు పట్టేస్తయి."

ఒక్కరూ నవ్వలేదు. తన్మయి తన బల్ల మీది సీసా వైపు చూసి, దాన్ని కొంచెం దగ్గరకు జరుపుకుంది.

"వారం రోజులు ఎవరూ నిన్నటి నీళ్ళు పారబోయొద్దు. తాగబుద్ధి కాకపోతే మొక్కలకు పోయండి, ఇల్లు తుడువండి. మీ ఇండ్లల్ల గూడ చెప్పండి" అని ఆమె గ్లాసులు తీసుకుంది. బెల్లు కొట్టగానే పిల్లలు బోర్డు చుట్టూ మూగారు. ఎవరి ఇల్లు ఎక్కడో గీతకు అటూ ఇటూ చుక్కలు పెట్టుకుంటున్నారు. మెట్లు దిగుతుంటే యాదలక్ష్మికి చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

ఇల్లు చైతన్యపురిలో, కోచింగ్ పిల్లల హాస్టళ్ళ వెనక, మేడ మీద రెండు గదులు. ఆమె వెళ్ళేసరికి తల్లి కిష్టమ్మ గోడకు ఆనుకుని నిలబడి నీళ్ళు తాగుతోంది. దవాఖానలో చూపించుకోవడానికి ముందురోజే ఊరి నుంచి వచ్చింది. ఆమె మెడ వెనక్కి వాలదు. అందుకే కూర్చుని తాగడం కుదరదు. లేచి, వీపు గోడకు ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి గ్లాసు ఎత్తుతుంది. చివరి చుక్క దాకా తాగి చెంబులో మిగిలిన నీళ్ళ మీద మూత పెట్టింది.

యాదలక్ష్మి భర్త మహేందర్ ఆర్టీసీలో కండక్టరు. సమ్మె ముగిసి మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. అన్నాల దగ్గర ఆమె క్లాసు ముచ్చట చెబుతుంటే, లింగస్వామి వాసన చూసిన చోట అతను పొలమారేలా నవ్వాడు.

"పండ్లు చూపిచ్చినవా పిల్లలకు?" అంది కిష్టమ్మ, తింటున్న చెయ్యి ఆపి.

"చూపిచ్చిన."

కిష్టమ్మ కాసేపు కూతురి మొహం చూసింది. "పెండ్లిచూపులకు గూడ నోరు తెరువకపోతివి."

"అవునత్తమ్మా, నేను మూగపిల్ల అనుకున్న" అన్నాడు మహేందర్. యాదలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

మర్నాడు శుక్రవారం, ప్రార్థన అయిపోగానే ప్రిన్సిపాల్ గదికి రమ్మని కబురు వచ్చింది. రాఘవేంద్ర చెడ్డవాడు కాదు. కోప్పడాల్సి వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడలేక పేపర్‌వెయిట్ తిప్పుతుంటాడు. ఇప్పుడూ అదే తిప్పుతున్నాడు.

"నిన్న ఎనిమిదో తరగతిలో ఏం చెప్పారు మేడమ్?"

"నీళ్ళు వృథా చెయ్యొద్దని చెప్పిన సార్."

"అంతేనా? తన్మయి వాళ్ళ నాన్న గంగాధరరావుగారు పొద్దున్నే ఫోన్ చేశారు. మా పిల్ల చదువుకోవడానికి వస్తోందా, ఎవరి నీళ్ళు ఎవరు తాగుతున్నారో వినడానికి వస్తోందా అని అడిగారు. నేనేం చెప్పాలి?"

"నేను గట్ల అనలేదు సార్. ఆ మాటే రాలేదు. నీళ్ళు ఏ దారిల వస్తయో బోర్డు మీద గీసి చూపిచ్చిన."

"మీరన్నారని నేననడం లేదు. రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నారుగా. మీరు ఊరిపేరు ఎత్తితే చాలు, వినేవాళ్ళు మిగతాదంతా కలుపుకుంటారు." పేపర్‌వెయిట్ ఆగింది. "సోమవారం ఆయన వస్తారు. మొదటి పీరియడ్ మీదే కదా. ఆయన ముందు పిల్లలకు చెప్పండి, ఆ రోజు చెప్పింది పుస్తకంలో లేదు, మర్చిపొండి అని. రెండే ముక్కలు."

"మర్చిపొమ్మని చెప్పాల్నా సార్?"

"చెప్పకపోతే ఆ క్లాసు మీ దగ్గర్నుంచి తీసెయ్యాల్సి వస్తుంది. తర్వాత మేనేజ్‌మెంట్ ఏమంటుందో నా చేతిలో లేదు."

ఆమె తల ఊపి బయటికొచ్చింది. వరండాలో నడుస్తుంటే కోపం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. అది ప్రిన్సిపాల్ మీద కాదు. చూడని ఆ గంగాధరరావు మీద కూడా అంత కాదు. సీసా దగ్గరకు జరుపుకున్న ఆ పిల్ల మీద. అంత శ్రద్ధగా విని, ఇంటికెళ్ళి ఇంత మాట ఎలా చెప్పింది?

శనివారం కూడా బడి ఉంది. యాదలక్ష్మి పుస్తకం ముందు పెట్టుకుని కణం గురించి చెప్పింది. బోర్డు మీది పటాన్ని ఎవరో తుడిచేశారు. లింగస్వామి ముందు బల్లకు మారి కూర్చున్నాడు. ఆమె చూసినప్పుడల్లా వాడి మొహం వెలుగుతోంది. తమ ఇద్దరికే తెలిసిన సంగతేదో ఉన్నట్టు నవ్వుతున్నాడు. వీడైనా నా మాట విన్నాడు అనుకుంది. తన్మయి కిటికీ పక్కన తల వంచుకుని కూర్చుంది. బల్ల మీద సీసా లేదు. పీరియడ్ సగంలో చెయ్యెత్తింది. యాదలక్ష్మి చూసింది, చూడనట్టు బోర్డు వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పాఠం ఆపకుండా చెప్పుకుపోయింది. కాసేపటికి చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

ఆ సాయంత్రం మహేందర్‌కు చెప్పింది. తల్లికి వినబడకుండా, పిట్టగోడ దగ్గర నిలబడి.

"చెప్పెయ్యరాదు. రెండు ముక్కలే నాయె."

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన. మర్చిపొండ్రి అంటే పిల్లలేమనుకుంటరు?"

"నేను సమ్మెల అన్ని దినాలు డిపో ముంగట కూసున్న. డ్యూటీ ఎక్కినంక పెద్దసారు ఏమన్నడో నీకు చెప్పలే. మింగిన." అతను రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "కొన్ని మింగాలె లక్ష్మీ. అన్నిటికి కొట్లాడలేం."

ఆమె చెప్పేస్తాను అన్నట్టే తల ఊపింది.

ఆదివారం కిష్టమ్మ ఊరికి ప్రయాణమైంది. దవాఖానలో మందులు రాసిచ్చారు, మంచి నీళ్ళు తాగమన్నారు. వచ్చిన ప్రతిసారీ లాగే రెండు క్యాన్ల నిండా నల్లా నీళ్ళు పట్టుకుంది. అవి ఆమె కోసం కాదు, కొడుకు పిల్లల కోసం. పెద్ద మనుమడికి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. మహేందర్ డ్యూటీలో ఉన్నాడు. యాదలక్ష్మే ఆటోలో తల్లినీ క్యాన్లనూ ఎల్‌బీ నగర్ తీసుకెళ్ళింది.

సాగర్ రోడ్డు మలుపు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. బస్సులు ఇంకా పూర్తిగా దారిన పడలేదు. కూర్చోవడానికి చోటు లేదు. ఒక స్వగృహ మిఠాయి షాపు ముందు కొంచెం నీడ కనిపిస్తే అక్కడ క్యాన్లు దించింది. పైన షాపు బోర్డులో ఆంధ్ర ఊరి పేరున్న మొదటి రెండు మాటల మీద ఎవరో తారు పూశారు. 'స్వగృహ ఫుడ్స్' మాత్రం మిగిలింది. షాపులోంచి యాభై ఏళ్ళ మనిషి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బయటికి వచ్చాడు.

"అమ్మగారూ, నిలబడ్డారేంటి? ఇలా కూర్చోండి."

తల్లిని కూర్చోబెట్టి, దేవరకొండ బస్సు ఉందో లేదో కనుక్కోవడానికి యాదలక్ష్మి రోడ్డు దాటింది. ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. తిరిగి వచ్చేసరికి తల్లి కుర్చీలోంచి లేచి, షాపు గోడకు వీపు ఆనించి గ్లాసు ఎత్తి నీళ్ళు తాగుతోంది. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఆమె తాగే తీరు చూస్తున్నాడు.

"మెడ నొప్పా అమ్మగారూ?"

"నొప్పిగాదు బిడ్డా, తిరుగదు. మా ఊరి నీళ్ళు జేసిన పని."

"నీళ్ళా?"

"బోరు నీళ్ళు. బొక్కలల్ల కూసుంటయట. అందుకే గీ పట్నం నీళ్ళు మోసుకపోతున్న. మనుమలకన్న నా లెక్క కావొద్దని."

అతను వంగి ఒక క్యాను మూత బిగువుగా ఉందో లేదో చూశాడు, అనవసరంగానే. "మాది దివిసీమండీ. కృష్ణ కాలవకి ఆఖరు. పక్కనే సముద్రం. బావి ఎంత తవ్వినా ఉప్పు నీళ్ళే. మా అమ్మ మంచినీళ్ళ బిందె కోసం పక్కూరు దాకా నడిచేది. నేను వెనక చిన్న చెంబు పట్టుకుని."

"మీ దిక్కు కృష్ణ నిండ పారుతదంటరు గద?" కిష్టమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"పై ఊళ్ళవాళ్ళకి పారుతుందండీ. మా దాకా వచ్చేసరికి అడుగు తడుస్తుంది, అంతే."

యాదలక్ష్మి ఆ మాటలు వింటూ వెనకే నిలబడిపోయింది. తన ఊరికి ఎగువా దిగువా ఎన్ని ఊళ్ళున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదనిపించింది. అప్పుడే షాపు లోపలి నుంచి ఒక పిల్ల జంతికల పొట్లం పట్టుకుని వచ్చింది.

"నాన్నా, ఇది ఈ మామ్మగారికి... " అంటూ ఆగిపోయింది. "మేడమ్."

తన్మయి.

అతను పిల్ల వైపు చూసి, వెనక్కి తిరిగి యాదలక్ష్మిని చూశాడు. "యాదలక్ష్మి మేడమ్ మీరేనా?"

"అవును."

"ఈవిడ మీ అమ్మగారా?"

"అవును."

రెండు రోజులుగా ఈ మనిషితో ఏమనాలో మనసులో ఎన్నోసార్లు అనుకుంది. ఆ మనిషి వేసిన కుర్చీలోనే కిష్టమ్మ మళ్ళీ కూర్చుంటోంది. గంగాధరరావు పొట్లం కూతురి చేతిలోంచి తీసుకుని కిష్టమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆ చేతిని చొక్కాకు తుడుచుకుంటూ, గొంతు తగ్గించి అన్నాడు.

"మిమ్మల్ని ఏదో అనాలని కాదు మేడమ్. గురువారం పిల్ల ఇంటికొచ్చి పుస్తకాలన్నీ తీసి ఫ్యాను కింద పరిచింది. ముద్ద ముద్దగా తడిసిపోయాయి. ఏమైందంటే చెప్పదు. రాత్రి వాళ్ళమ్మ బుజ్జగిస్తే అప్పుడు చెప్పింది. ఈ బోర్డు మీద తారు పూసినప్పుడు కూడా నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అది షాపు. ఇది పిల్ల."

"ఏం జరిగింది తన్మయీ?"

తన్మయి చెప్పు కొనతో నేల గీకింది. "మీరు బయటికెళ్ళాక లింగస్వామి నా సీసా లాక్కున్నాడు మేడమ్. ఇవి మా నీళ్ళు, మీరెందుకు తాగుతున్నరు అన్నాడు. మూత తీసి నా బ్యాగులో పోసేశాడు. అందరూ నవ్వారు."

యాదలక్ష్మికి శనివారం ముందు బల్లలో వెలిగిపోతున్న వాడి మొహం కళ్ళముందు కదిలింది. వాడు ఆమెతో పంచుకుంటున్నానని అనుకున్నది అది.

"నాతోటి చెప్పాలె గద?"

"మీరూ వాళ్ళూ ఒకటే అనుకున్నాను." పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు. అనుకున్నది చెబుతోంది, అంతే. "నిన్న అడుగుదామని చెయ్యెత్తాను మేడమ్. మీరు చూడలేదు."

యాదలక్ష్మి చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

"ఎవల నీళ్ళేంది బిడ్డా?" కిష్టమ్మ కుర్చీలోంచే ఒళ్ళంతా ఇటు తిప్పి అడిగింది. ఎవరూ జవాబు చెప్పేలోపే దేవరకొండ బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. గంగాధరరావు ఒక క్యాను భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. యాదలక్ష్మి ఒక చేత్తో తల్లిని పట్టుకుని ఇంకో చేత్తో రెండో క్యాను మోసింది. మెట్ల దగ్గర కండక్టరు అడ్డం నిలబడ్డాడు. "మనుషులకే జాగ లేదు, క్యాన్లు ఎక్కడ పెడ్తరు? దించుండ్రి."

"మా మనిషేనండీ. పెద్దావిడ. కాళ్ళ దగ్గర పెట్టుకుంటుంది, ఎవరికీ అడ్డం రాదు" అన్నాడు గంగాధరరావు. అనుమతి కోసం ఆగకుండా క్యాను సీటు కిందికి తోసేశాడు. రెండోదీ అందుకుని తోశాడు. కిష్టమ్మ కిటికీలోంచి అతన్ని చూడటానికి భుజాలు తిప్పి, చెయ్యి ఎత్తింది.

బస్సు వెళ్ళిపోయాక ముగ్గురూ రోడ్డు పక్కన మిగిలారు. అతని చొక్కా భుజం తడిసింది.

"రేపు నేను రానులెండి మేడమ్. సారుకి ఫోన్ చేసి చెప్పేస్తాను. మీకు ఇబ్బంది ఉండదు."

శుక్రవారం నుంచి ఆమె కోరుకుంటున్నది సరిగ్గా అదే. సరేనంటే సరిపోయేది. మహేందర్ సంతోషిస్తాడు, ప్రిన్సిపాల్ ఊపిరి పీల్చుకుంటాడు. తన్మయి తండ్రి చెయ్యి పట్టుకుని ఆమెనే చూస్తోంది.

"రండి సార్" అంది యాదలక్ష్మి. "సారు చెప్పమన్నది నేను చెప్పను. కానీ చెప్పేది ఒకటున్నది. మీరుండాలె."

సోమవారం మొదటి పీరియడ్. రాఘవేంద్ర, గంగాధరరావు వరండాలో తలుపు దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మంటే గంగాధరరావు రాలేదు. పిల్లలు లేచి నమస్కారం చెప్పి కూర్చున్నారు. యాదలక్ష్మి బల్ల ముందుకు వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది.

"గురువారం నేను చెప్పింది మర్చిపొమ్మని చెప్పుమన్నరు" అంది. రాఘవేంద్ర తల ఎత్తాడు. "చెప్పను. నేను చెప్పింది నిజం. మా ఊరి నీళ్ళు అట్లనే ఉంటయి, మనకొచ్చే నీళ్ళు ఆ దారినే వస్తయి. నిన్నటి నీళ్ళు పారబోయొద్దు. అండ్ల తప్పేం లేదు. కానీ ఆ రోజు నేను బయటికి పోయినంక ఈ క్లాసుల ఏం జరిగింది?"

కళ్ళన్నీ ఒకే బల్ల వైపు తిరిగాయి. లింగస్వామి లేచాడు. వాడి మొహంలో మొన్నటి వెలుగు ఇంకా పూర్తిగా ఆరలేదు, అర్థంకాక మిణుకుతోంది.

"నేనే పోసిన మేడమ్."

"ఎందుకు?"

"మీరే చెప్పిన్రు గద మేడమ్. నీళ్ళు మా దిక్కుకెళ్ళి వస్తున్నయని." వాడు బల్ల అంచు పట్టుకున్నాడు. "మా తాత నడుం గూడ వంగింది. పండుకుంటే సక్కగ పండుకోలేడు."

యాదలక్ష్మి వాడి దగ్గరకు నడిచింది. తిట్టడానికి వెళ్ళింది. దగ్గరకు వెళ్ళేసరికి, పెదవి వణకకుండా గట్టిగా బిగపట్టుకుని నిలబడ్డ పిల్లవాడు కనిపించాడు. కోపం వాడి మీద నిలవలేదు.

"మీ తాత నడుం తన్మయి వంచిందారా?"

"లేదు మేడమ్."

"మరి మంచినీళ్ళు తీసుకపోయి పుస్తకాల మీద పోస్తివి. మీ తాత చూస్తే ఏమనేటోడు? ఆ సీసెడు నీళ్ళు పారబోసినందుకే కొట్టేటోడు కాదా?"

వాడు తల దించుకుని ఊపాడు. అవునన్నట్టు.

ఆమె వెనక్కి తిరిగి కిటికీ పక్కకు వచ్చింది. "తన్మయీ, ఇది నా క్లాసుల జరిగింది. నేను తెలుసుకోవాల్సింది. శనివారం నువ్వు చెయ్యెత్తినవ్. నేను చూసిన. చూసి చూడనట్టు చేసిన. నీ మీద కోపంతోని. అది నా తప్పు."

టీచరు నోట ఆ మాట పిల్లలెప్పుడూ వినలేదు. వెనక బల్లల్లో ఎవరిదో పెన్ను కిందపడి దొర్లింది, తీయడానికి ఎవరూ వంగలేదు. లింగస్వామి తనకే వినబడనంత చిన్నగా "సారీ" అన్నాడు. తన్మయి విన్నది. పర్వాలేదు అనలేదు, తల కూడా ఊపలేదు. తడిసి ఉబ్బిన సోషల్ పుస్తకం అట్టను బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది.

రాఘవేంద్ర గుమ్మంలోకి వచ్చాడు. "మేడమ్, మనం అనుకున్నది ఇది కాదు."

"నాకిది చాలు సార్" అన్నాడు వెనక నుంచి గంగాధరరావు.

ప్రిన్సిపాల్ ఆయన వైపు, తర్వాత యాదలక్ష్మి వైపు చూశాడు. ఇద్దరి మధ్య తనకు తెలియనిదేదో జరిగిందని అర్థమైనట్టుంది. "సరే. ఇంక పాఠం మొదలుపెట్టండి. ఇప్పటికే చాలా వెనకబడ్డాం" అని వాచీ చూసుకున్నాడు. గంగాధరరావు గుమ్మం పక్కన విడిచిన చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.

యాదలక్ష్మి పుస్తకం తెరిచింది. కణం, రెండో భాగం. పేజీని అరచేత్తో సాఫు చేసింది.

అప్పుడు తన్మయి లేచి నిలబడింది.

"మేడమ్, ఒక డౌటు."

"చెప్పు."

"పైపు మీ ఊరి పక్కనుంచే వస్తోంది కదా మేడమ్."

"అవును."

"మరి వచ్చే దారిలో మీ ఊరికెందుకు ఇవ్వరు?"

లింగస్వామి తల ఎత్తి ఆ పిల్ల వైపు తిరిగాడు. రాఘవేంద్ర చెయ్యి తలుపు రెక్క మీద ఆగిపోయింది. వరండాలో గంగాధరరావు ఒక చెప్పు తొడుక్కుని రెండోది అలాగే వదిలేసి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయనకు కూడా ఆ జవాబు కావాలన్నట్టు.

పాఠం పుస్తకంలో దానికి జవాబు లేదు. కూర్చో అనడం తేలిక. ఆ రోజు ఆమె ఆ మాట అనలేకపోయింది.

"నాకు తెలిసినంత చెప్తా. తెలియనిది తెలియదని చెప్తా" అంది యాదలక్ష్మి. ప్రిన్సిపాల్ వైపు చూడకుండా పుస్తకం మూసి, సుద్దముక్క కోసం చెయ్యి చాపింది.